గంగమ్మకు ప్రాణాలెన్ని?

1980లో అమెరికాలో అచ్చయిన ‘డీటీస్ అండ్ డెమీగాడ్స్’ అనే ఆట పుస్తకంలో ఇంద్రుడికీ అగ్నికీ యముడికీ ప్రాణాల లెక్క కట్టారు. ఎన్ని దెబ్బలకు తట్టుకుంటాడు, ఒంటిమీద కవచం ఎంత గట్టిది, ఒక్కో విడతలో ఎన్ని వేట్లు వేస్తాడు, అన్నీ అంకెలే. గ్రీకు దేవుళ్లకు ఏ పట్టిక గీశారో మనవాళ్లకూ అదే. రాసిన జేమ్స్ వార్డ్, రాబర్ట్ కుంట్జ్‌లను తప్పుపట్టడానికేమీ లేదు. ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆడే కుర్రాళ్లు దేవుడి మీదికే కత్తి దూస్తామంటారు. దూస్తే ఏమవుతుందో ఆట చెప్పాలి కదా. అయితే యముడి పేరు పక్కన ఆ అంకె చూసిన తెలుగువాడికి ముందు నవ్వొస్తుంది, ఆ వెంటనే ఎక్కడో తేడా కొడుతుంది. యముణ్ణి గెలిచిన మనిషి మన కథల్లో ఉంది. సావిత్రి ఆయన్ని మాటతో గెలిచింది, వరం వెనక వరం అడిగి గెలిచింది. ఆ పట్టికలో మాటకు గడి లేదు.

ఈ ఆటల సంగతి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, తక్కినవాళ్లు తలా ఒక పాత్ర పట్టుకుని ‘నేను తలుపు తోస్తాను’, ‘నేను కాపలావాడికి లంచమిస్తాను’ అంటూ పోతారు. పని అవుతుందో లేదో సందేహం వస్తే పాచిక వేస్తారు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి 1974లో ఈ ఆటను పుస్తకంగా తెచ్చారు. దాని పుట్టిల్లు బొమ్మ సైనికులతో ఆడే యుద్ధాల ఆట. ఆ వాసన ఇప్పటికీ పోలేదు. తొలి పుస్తకాల్లో పాత్రకు అనుభవం పెరిగేది ప్రధానంగా తవ్వి తెచ్చిన బంగారాన్ని బట్టి: ఒక నాణేనికి ఒక పాయింటు. బల్ల దగ్గర ఎంత ధర్మవీరుడి కథ చెప్పుకున్నా లెక్క రాసేది మూటలోని సొమ్ముకే. అందుకే ధర్మవీరులందరూ నాలుగు ఆదివారాలు తిరక్కముందే గోరీలు తవ్వే దొంగలయ్యేవారు. వాళ్లను అనడానికి లేదు. నియమం ఎటు మొగ్గితే ఆటగాడు అటే నడుస్తాడు.

ఇది గ్రహించినవాళ్లు వేరే దారులు వెతికారు. 1981 నాటి ‘కాల్ ఆఫ్ కతుల్హు’లో రహస్య గ్రంథాలు చదివేకొద్దీ జ్ఞానం పెరుగుతుంది, మతి తగ్గుతుంది. భయం కథలో ఉండవలసిన భయాన్ని తెచ్చి లెక్కలోనే పెట్టేశారు. గ్రెగ్ స్టాఫర్డ్ 1985లో తెచ్చిన ‘పెండ్రాగన్’లో ఆర్థర్ రాజుగారి యోధుడికి పదమూడు జంటల గుణాలుంటాయి. ఒక్కో జంట మొత్తం ఇరవై. క్షమ పద్నాలుగు ఉంటే పగ ఆరే. శత్రువు కాళ్లమీద పడ్డప్పుడు వదిలేయాలా నరకాలా అనేది ఒక్కోసారి ఆటగాడి ఇష్టం కాదు, ఆ గుణం చెబుతుంది. రాజుల కాలం నాటి కథ వినేటప్పుడు మనం అడిగేది కూడా అదే: వీడు మాట మీద నిలుస్తాడా?

కథకూ నియమానికీ మధ్య ఈ గొడవంతా అమెరికా వాళ్ల బల్లల మీదే మొదలైందనుకుంటే చిత్తూరు జిల్లా పల్లెల్లో పాత మండపం గచ్చు మీద గీసున్న పులి జూదం గీతలు నవ్వుతాయి. మూడు పులులు, పదిహేను మేకలు. పులులకు మూడు గులకరాళ్లు, మేకలకు చింతగింజలు. పులి పక్కనున్న మేక మీంచి దూకి అవతల ఖాళీ ఉంటే దాన్ని తినేస్తుంది. మేక దేన్నీ చంపలేదు, దూకలేదు. పైగా పదిహేనూ గచ్చు మీదికి వచ్చేదాకా ఒక్కటీ కదలకూడదు. మొదటి పదినిమిషాలూ మేకలాడేవాడి బతుకు దారుణంగా ఉంటుంది. ఒక్కో గింజా పెడుతుంటే అవతలివాడు ఒక్కోటీ నోట్లో వేసుకుంటుంటాడు. తరువాత మెల్లగా ఒక సంగతి తెలుస్తుంది. వీపు వెనక ఖాళీ లేకుండా ఇంకో మేక నిలబడితే పులికి దూకే చోటే ఉండదు. అప్పటినుంచి మేకలవాడు ఒంటి మేకను చూడ్డం మానేసి మందను చూస్తాడు. పులులు మూడూ మూలకు చేరి కదల్లేకపోతే మేకలు గెలిచినట్టు.

మందను గురించి ఎవరూ ఉపన్యాసమివ్వలేదు. పులికి ఇన్ని ప్రాణాలని రాయలేదు. గీతలు, దూకడం, దూకలేకపోవడం, అంతే. గొర్రెలూ మేకలూ కాసుకుని బతికే సీమలో, కొండ పక్కన నిజంగానే చిరుతపులి తిరిగే ఊళ్లలో, ఈ ఆటకు కథ చెప్పి ఒప్పించాల్సిన పని లేకపోయింది.

దీని పక్కన చదరంగం పెట్టి చూస్తే తమాషాగా ఉంటుంది. గుర్రం ఎగిరి దూకుతుంది, సరే. ఏనుగు తిన్నగా తోసుకుపోతుంది, అదీ సరే. శకటు మాత్రం మూలగా ఎందుకు పోతుంది? ఏ బండివాడూ బండిని అలా తోలడు. ఎన్ని వందల ఏళ్లనుంచి ఆడుతున్నా ఎవరూ అడగలేదు, ఎందుకంటే చదరంగంలో కథ ఎప్పుడో వెనక్కి పోయింది, లెక్క ఒక్కటే మిగిలింది.

వైకుంఠపాళిది ఇంకో తిరకాసు. పటం నిండా పుణ్యాలూ పాపాలే. మంచి గుణం నిచ్చెన ఎక్కిస్తుంది, చెడ్డ గుణం పామై మింగుతుంది, ఇంకో నాలుగు గడులు దాటితే పరమపదమనగా పెద్ద పాము కాచుకుని ఉంటుంది. కానీ ఆడేవాడు ఏ పుణ్యమూ చేయడు. గవ్వలు విసురుతాడు. భక్తి గడిలో పడ్డవాడు భక్తుడేం కాదు, వాడికి పడవలసిన పందెం పడింది. కర్మ గురించి చెప్పే పటం కింద అదృష్టం నడుపుతోంది. కొత్తగా ఆట కట్టేవాళ్లు దీన్ని పొరపాటు కింద జమకడతారు. ముక్కోటి ఏకాదశి జాగారంలో నిద్ర ఆపుకుంటూ గవ్వలేసిన అవ్వను అడిగితే వేరే మాట చెబుతుందేమో. ఈ జన్మలో నిచ్చెన దగ్గర ఎందుకు పడ్డామో మనకు తెలుసా? పాము మింగి కిందికి దించితే ఆట అయిపోయినట్టు కాదు, మళ్లీ పుట్టినట్టు. ఆ లెక్కన గవ్వలే సరైన నియమం. ఇంగ్లండు మీదుగా అమెరికా చేరి, 1943లో మిల్టన్ బ్రాడ్లీ కంపెనీ చేతిలో పాములు పోయి జారుడుబల్లలైనప్పుడు మాత్రం ఆ జన్మల సంగతి పూర్తిగా రాలిపోయింది. ఏడుపు మొహంతో కిందికి జారే పిల్లలు మిగిలారు.

ఇప్పుడు తిరుపతిలో నలుగురు ఇంజనీరింగ్ కుర్రాళ్లు గదిలో కూర్చుని సొంతంగా ఇలాంటి ఆట ఒకటి కట్టబోయారనుకుందాం. ఊరు చూడబోతే సరుకు దండిగా ఉంది. శేషాచలం అడవి, ఎర్రచందనం, విజయనగర రాజులు పెనుకొండ వదిలి రాజధాని చేసుకున్న చంద్రగిరి కోట, ఈస్టిండియా కంపెనీవాళ్లకు చుక్కలు చూపించిన చిత్తూరు పాలెగాళ్లు. మొదటి చిత్తుప్రతిలో ఏముంటుందో ఊహించడం కష్టం కాదు. కోట కింద సొరంగంలో డ్రాగన్ నిద్రపోతుంటుంది. సత్రంలో బాటసారులు బీరు తాగుతుంటారు. రెండో ప్రతిలో బీరు పోయి సంగటి వస్తుంది, పక్కన టమాటా పప్పు వస్తుంది. రాజుల నాటి చంద్రగిరి వంటింట్లో టమాటా లేదు, మదనపల్లె మార్కెట్టు చూసి పెరిగినవాళ్లకు అది తట్టదు. టమాటా తప్పు చిన్న తప్పు. ఎవరో ఒకరు నవ్వుతారు, కొట్టేసి చింతపండు అని రాసుకుంటారు. చిక్కు గంగమ్మ దగ్గర వస్తుంది. ఆవిడను ఆటలోకి తేవాలి, తేకపోతే అది తిరుపతి ఆటే కాదు. అలవాటు కొద్దీ ఒకడు కాగితం మీద పట్టిక గీసి అడుగుతాడు: గంగమ్మకు ప్రాణాలెన్ని?

కథ తెలిసినవాళ్లకు ఆ ప్రశ్న ఎందుకు పొసగదో చిటికెలో తెలిసిపోతుంది. తిరుపతి పక్కనున్న అవిలాలలో పెరిగిన పిల్ల గంగమ్మ. ఊళ్లో ఆడపిల్లలను చెరిచే పాలెగాడు ఆమె మీదా కన్నేశాడు. ఆమె అసలు రూపం చూడగానే పారిపోయి దాక్కున్నాడు. ఆమె రోజుకొక వేషంలో ఊరంతా గాలించి, చివరికి దొర వేషంలో వస్తే, దొరవారే వచ్చారనుకుని వాడు బయటపడ్డాడు. తల తెగింది. ఈ కథలో గంగమ్మ గెలుస్తుందా అన్న అనుమానం ఒక్క క్షణం కూడా ఎవరికీ రాదు. ఎదురుపడితే పాలెగాడి పని ఖాయం. ఎక్కడున్నాడన్నదే ప్రశ్న, ఏ రూపంలో పోతే బయటికొస్తాడన్నదే ప్రశ్న. కాబట్టి ఆమెకు బలం అంకె రాయడం దండగ. కథలో ఎక్కడ ఊపిరి బిగబట్టి వింటామో నియమం అక్కడ పెట్టాలి. ఇక్కడ అది వేషం దగ్గర పెట్టాలి.

తిరుపతి ఊరు ఆ పని ఎప్పుడో చేసింది.

ఏటా మే నెలలో ఒక మంగళవారం అర్ధరాత్రి గంగమ్మ జాతరకు చాటింపు వేస్తారు. ఊరి పొలిమేర కట్టినట్టు. ఇక జాతర ముగిసేదాకా ఊరివాళ్లు పొలిమేర దాటి బయట రాత్రి పడుకోకూడదు. ఆటకు ఒక గిరి ఉంటుందనీ, ఆ గిరి లోపల వేరే న్యాయం నడుస్తుందనీ డచ్చి చరిత్రకారుడు హైజింగా 1938లో ‘హోమో లూడెన్స్’ అనే పుస్తకంలో రాశాడు. తిరుపతిలో ఆ గిరిని డప్పు కొట్టి గీస్తారు.

బుధవారం బైరాగి వేషం: ఒళ్లంతా నామకొమ్ము తెల్లగా పూసుకుని, రేల కాయల దండ వేసుకుంటారు. గురువారం బండ వేషానికి కుంకుమ. శుక్రవారం తోటి వేషానికి బొగ్గుపొడి. శనివారం దొర వేషానికి గంధం, వేపాకూ నిమ్మకాయల దండలూ. ఆదివారం మాతంగి వేషం, మగవాళ్లు చీర కట్టి, పూలు పెట్టి, గాజులు వేసుకుంటారు. సోమవారం సున్నపు కుండలు నెత్తికెత్తుకుంటారు. మంగళవారం అసలు జాతర, వెదురుబద్దలతో కట్టిన సప్పరాలు తలమీద మోసుకుంటూ గుడికి వస్తారు. అమ్మవారి తరఫున వేషాలు కట్టే హక్కు కైకాల కుటుంబాలది. తక్కిన ఊరు మొక్కు కొద్దీ వేషం వేస్తుంది. శుక్రవారం పొద్దున తాతయ్యగుంటలోని అమ్మవారి గుడి వైపు పోయే ఏ బైకు చూసినా పెట్రోలు ట్యాంకు మీద ఒక బుడ్డ తోటివాడు కనబడతాడు. ఒళ్లంతా మసి, చేతిలో వేపమండ, కళ్లు మాత్రం తెల్లగా మెరుస్తుంటాయి. వెనక కూర్చున్న తల్లి చీరకు ఆ మసి అంటకుండా మధ్యలో తువ్వాలు.

ఏ రోజు ఏ పూత అన్నది అలంకారం కాదు. సన్యాసి నుంచి తోటి దాకా, తోటి నుంచి దొర దాకా వరసగా నడిచే ఆ వేషాల్లో ఊళ్లో ఉండే మనుషుల మెట్లన్నీ ఉన్నాయి. పాలెగాడు ఏ గడపలో దూరినా దొరక్క తప్పదు, ఎందుకంటే వెతికేవాళ్లు అన్ని గడపలవాళ్లుగానూ వస్తున్నారు. కథలో గంగమ్మ చేసింది ఇదే, వీధిలో జనం చేస్తున్నదీ ఇదే. వేషం వేసినవాడు దారినపోయే ఎవరినైనా బూతులు తిట్టొచ్చు, తిట్టించుకున్నవాడు ముఖం ముడుచుకోకూడదు, ఇదీ నియమమే. మామూలు రోజుల్లో ఆ మాటలకు తలలు పగులుతాయి. ఆ వారం రోజులు మాత్రం దాక్కున్నవాడిని రెచ్చగొట్టి బయటికి లాగే తిట్లవి. పెద్దమనిషి అయినా సరే, వాడే పాలెగాడు కాడని గ్యారంటీ ఏముంది?

ఈ జాతరను ఏళ్ల తరబడి చూసిన అమెరికన్ పరిశోధకురాలు జాయిస్ ఫ్లూకిగర్ 2013లో ఒక పుస్తకం రాశారు. ‘లోకం స్త్రీమయమైనప్పుడు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టారు దానికి. ఆదివారం నాడు మీసాలున్నవాళ్లు చీరల్లో తిరగడం నవ్వులాటగా పైకి కనబడినా, ఆ కథ జరిగే లోకంలో మగతనం చూపించుకుని తిరిగితే పాలెగాడి పక్షం అయిపోతారు. చీర కట్టడం అమ్మ పక్షాన చేరడం. నాలుగు నిబంధనల పుస్తకాలు తిరగేసినా కథకూ నియమానికీ ఇంత చక్కగా అతికిన ముడి దొరకదు.

సినిమా వచ్చాక కథ కొంచెం మారింది. 2024 డిసెంబరులో విడుదలైన ‘పుష్ప 2’లో అల్లు అర్జున్ చీర కట్టి, ఒళ్లంతా నీలం పూసుకుని, నిమ్మకాయల దండతో ఊగిపోయిన జాతర ఘట్టం దేశమంతా చూసింది. చూడ్డానికి అదిరిపోయింది, అందులో సందేహం లేదు. కానీ ఆ నీలం బుధవారానిదా, గురువారానిదా? తెరకు ఆ ప్రశ్న అక్కర్లేదు. సినిమాకు కావలసింది ఒక రూపం. జాతరకు కావలసింది వరస. ఒక కుర్రాడు ఆ నీలం పూత పూసుకుని శుక్రవారం వీధిలోకొస్తే అమ్మవారికి కోపం రాదు కాబోలు, అయితే బొగ్గు పూసుకున్న పక్కవాడితో కలిసి వాడు వెతుకుతున్నది ఎవరినో మాత్రం చెప్పలేడు.

చిత్తూరు వైపు పల్లెల్లో ధర్మరాజుల గుళ్ల దగ్గర జరిగే భారతం ఇంకో పద్ధతి. చాలా ఊళ్లలో పద్దెనిమిది రోజులు. పగలు హరికథ, రాత్రి నాటకం, మధ్యమధ్య కొన్ని ఘట్టాలు రంగం దిగి ఊళ్లోకే వచ్చేస్తాయి. బకాసుర వధ నాడు భీముడు బండెక్కి, అన్నం గంపలతో వీధివీధీ తిరుగుతాడు. అర్జునుడు తపస్సు కోసం పొడవాటి మాను ఎక్కుతాడు, పద్యం పద్యానికీ ఒక్కో మెట్టు. కింద పిల్లలు లేని ఆడవాళ్లు తడిబట్టలతో సాష్టాంగపడి వరపడతారు. పైనుంచి ఆయన విసిరిన విభూది, నిమ్మకాయ ఒళ్లో పడితే చాలనుకుంటారు. ఆ మాను ఎక్కిన నటుడు పొద్దున టీ అంగడి దగ్గర కనబడ్డ మనిషే అని ఆ ఆడవాళ్లందరికీ తెలుసు. తెలిసీ కొంగు పడతారు.

చివరి రోజు మైదానంలో మట్టితో పోసిన దుర్యోధనుడు వెల్లకిలా పడి ఉంటాడు. వేషం కట్టిన దుర్యోధనుడూ భీముడూ గదలు పట్టుకుని ఆ మట్టి ఒంటి చుట్టూ, మీదా పరుగులు. తొడ పగిలాక ద్రౌపది జుట్టు ముడుస్తుంది. సాయంత్రం అగ్నిగుండం. ఈ ఆటలో పాచిక లేదు. పాచికలన్నీ కథ లోపలే ఉన్నాయి, శకుని చేతిలో. ఏం జరుగుతుందో ఎవరికీ అనుమానం లేదు కనుక నియమాలన్నీ మనిషి మీదికే తిరిగాయి: కంకణం కట్టుకున్నవాడు ఏం తినాలి, ఎక్కడ పడుకోవాలి, నిప్పు తొక్కేముందు ఎన్నాళ్లు ఒక్కపొద్దుండాలి. పాండవులు గెలుస్తారా అన్నది కాదు, నేను ఈ నిప్పుల మీద నడవడానికి తగినవాడినేనా అన్నది ఇక్కడి ఉత్కంఠ.

ఆ నలుగురు కుర్రాళ్ల కాగితం దగ్గరికి మళ్లీ వెళితే, ఇప్పటికి గంగమ్మ గడిలో ప్రాణాల అంకె కొట్టేసి ఉంటుంది. ఆటగాళ్లకు బలం బదులు వేషాలిచ్చారు. ఒక్కో వేషానికి ఒక్కో వీధి తలుపు తెరుచుకుంటుంది, ఒక్కోటి మూసుకుంటుంది. బైరాగికి భిక్ష వేస్తారు కానీ లోపలికి రానివ్వరు. తోటిని పెరట్లోకి రానిచ్చి ముందు వాకిట్లోకి రానివ్వరు. దొరకు అన్ని తలుపులూ తెరుస్తారు, నిజం మాత్రం ఎవరూ చెప్పరు. ఇది రాసుకున్నాక పాచిక ఎక్కడ వేయాలో వాళ్లకు వాళ్లకే తెలుస్తుంది. ఎంత తిట్టినా పాలెగాడు ఓర్చుకుని ఉండగలడా అన్న చోట వేయాలి. ఆ పాచిక వేయవలసింది పాలెగాడే.

ఒక్కటి మాత్రం తేలదు: ఆట ఎలా ముగియాలి? అమెరికా ఆటలకు ముగింపు నియమం బలహీనం. నెలల తరబడి సాగిన కథ ఒకడికి బెంగళూరులో ఉద్యోగం వస్తే ఆగిపోతుంది, పాత్రలు సొరంగం మధ్యలో దివిటీ పట్టుకుని అలాగే నిలబడిపోతాయి. తాతయ్యగుంటలో అలా కుదరదు. మంగళవారం రాత్రి పొద్దుపోయాక గుడి ముందు బంకమట్టితో అమ్మవారి పెద్ద ముఖం మెత్తుతారు. విశ్వరూపం అంటారు. అన్ని వేషాలూ తీసేశాక మిగిలిన రూపం అది, ఊళ్లో ఉంచుకోదగ్గ ఉగ్రం కాదు. బుధవారం తెల్లవారుజామున పేరంటాలు వేషంలో ఉన్న మనిషి వచ్చి ఆ ముఖాన్ని తొలగిస్తాడు. తోపులాటలో జనం చేతికందిన మట్టి పెళ్ల పట్టుకుంటారు. అది మందు, ఇంట్లో ఏడాదంతా దాచుకుంటారు. తెల్లారేసరికి ఊరి బస్టాండులో చిత్తూరు బస్సు ఎక్కేవాళ్ల గోళ్ల సందుల్లో ఇంకా కొంచెం మట్టి, చెవుల వెనక ఎంత రుద్దినా వదలని బొగ్గు.